ఎవర్రా ఈ సామాన్యుడు?

'సామాన్య పాఠకుడికి కొరుకుడు పడని కవిత్వం.' రెండేళ్ళ కిందట ఒక కవితా సంపుటిని సమీక్షిస్తూ నేనే రాసిన వాక్యమిది. అది చదివి మా నాన్న ఫోన్ చేశాడు. ఆయన బస్సు కండక్టర్‌గా రిటైరయ్యాడు. "ఎవర్రా ఈ సామాన్య పాఠకుడు? నేనా? ఆ పుస్తకం నేనూ చదివాగా, బానే ఉందే!" అన్నాడు.

నోరు పెగల్లేదు. అర్థం కానిది నాకు. ఒప్పుకోడానికి నామోషీ అయి, ఎదురు చెప్పడానికి అక్కడ లేని మనిషి మీదకి తోసేశాను.

అసలీ మాట ఎవరు వాడుతున్నారో గమనించండి. తమ గురించి చెప్పుకునేటప్పుడు జనం 'మామూలోళ్ళం', 'మాలాంటోళ్ళం' అంటారు. ఇళ్ళల్లో, వీధుల్లో 'సామాన్యుడు' వినపడేది ఎక్కువగా 'కాదు'తో కలిసే: "వాడు సామాన్యుడు కాదు, జాగ్రత్త!" నిజంగా సామాన్యుడంటూ ఒకడున్నట్టు మాట్లాడేది పేపర్లు, పార్టీలు, మనలాంటి సమీక్షకులు. 'సామాన్యుడి నడ్డి విరుస్తున్న ధరలు' అంటుంది హెడ్డింగు. ఉల్లిపాయల ధర ముందు తెలిసేది ఇంట్లో ఆడవాళ్ళకి. నడ్డి మాత్రం మగవాడిదే!

సామాన్యం అంటే అందరికీ ఉమ్మడిగా ఉండేదని కదా అర్థం. అందులో మనమూ ఉండాలి. మనల్ని మినహాయించుకుని ఎదుటివాణ్ణి చిన్న చేసే మాటగా దాన్ని మార్చేసుకున్నాం.

శ్రీశ్రీ వాడలేదా అంటారా? వాడాడు. 'దేశచరిత్రలు'లో సామాన్యుడి జీవితం ఎలాంటిదని అడిగాడు. కానీ అక్కడితో ఆగలేదు. తాజమహల్‌కి రాళ్ళెత్తిన కూలీలెవరని, పల్లకీ మోసిన బోయీలెవరని, చేసే పని పేరు పెట్టి మరీ అడిగాడు. మనం ఆ మొదటి మాట పట్టుకుని మిగతావి వదిలేశాం.

మా సాఫ్ట్‌వేర్ పనిలో 'యూజర్‌కి ఇది అర్థం కాదు' అని ఎవరైనా అంటే, 'ఏ యూజర్? ఎవర్నైనా అడిగావా?' అని వెంటనే నిలదీస్తారు. సమీక్షల్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు. అందుకే 'సామాన్యుడికి అందదు' అని తిట్టడమూ తేలికే, 'సామాన్యుడి గొంతుక' అని పొగడటమూ తేలికే. రెండింటికీ పుస్తకం పూర్తిగా చదవక్కర్లేదు.

అర్థం కాకపోతే 'నాకు అర్థం కాలేదు' అని రాద్దాం. పరువేం పోదు. కథ ఎవరిదో చెప్పాల్సొస్తే ఆటో నడిపేవాడిదనో, మిషను కుట్టే ఆమెదనో చెబుదాం. పాఠకుల తరఫున మాట్లాడాలనిపిస్తే, ముందు ఒక్క పాఠకుణ్ణైనా అడుగుదాం. నేను మా నాన్నని అడిగుంటే ఆ వాక్యం రాసేవాణ్ణి కాదు.