పోలీసుకూ పల్లెకూ నడుమ వారధి ఏది?

పోలీసు స్టేషన్ గడప తొక్కడమంటే నేటికీ పల్లెవాసికి జంకే. తిరువాలంగాడు, తిరుత్తణి పరిసరాల తెలుగు కుటుంబాలకు ఆ జంకుతో పాటు మరి రెండు చిక్కులున్నాయి. మొదటిది భాష. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇంట మాట్లాడేది తెలుగు, స్టేషన్‌లో వ్రాసేది తమిళం. రెండవది సరిహద్దు. వియ్యాలు, వ్యాపారాలు నగరి, పుత్తూరు వైపు సాగుతుంటాయి. నేరం ఎల్లకు ఆవల జరిగితే ఫిర్యాదు ఎవరికివ్వాలి?

పోలీసులను ప్రజలకు చేరువ చేసే యత్నం తమిళనాట కొత్తది కాదు. 1993లో రామనాథపురం జిల్లా ఎస్పీగా ఉన్న ప్రతీప్ ఫిలిప్ 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' ఉద్యమాన్ని ఆరంభించారు. గస్తీలోనూ, ఉత్సవాల రద్దీలోనూ, సమాచార సేకరణలోనూ స్థానిక యువకులు తోడ్పడాలన్నది ఆశయం. అది రాష్ట్రమంతటికీ విస్తరించింది.

అయితే 2020 జూన్‌లో తూత్తుక్కుడి జిల్లా సాత్తాన్‌కుళంలో పోలీసు నిర్బంధానికి గురైన తండ్రీకొడుకులు మరణించారు. ఆ ఉదంతంలో ఈ స్వచ్ఛంద సేవకులపైనా ఆరోపణలు వచ్చాయి. జూలైలో ప్రభుత్వం ఆ వ్యవస్థను నిషేధించింది. శిక్షణ, జవాబుదారీ లేనివారికి పోలీసు నీడ దొరికితే, సేవ పెత్తనంగా మారే ప్రమాదముందని ఇది హెచ్చరిక.

కేరళ 2008లో మొదలుపెట్టిన 'జనమైత్రి సురక్ష' మార్గం వేరు. అక్కడ ఇల్లిల్లూ తిరిగి పరిచయం పెంచుకొనేది బీట్ పోలీసే. బాధ్యత వహించేది యూనిఫారం ధరించినవాడే కనుక, తప్పు జరిగితే నిలదీయవలసిన మనిషి ఎవరో ప్రజలకు తెలుస్తుంది.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సరిహద్దు చిక్కును కొంత తీర్చింది. 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారమివ్వవచ్చు. నగరిలో మోసపోయినవారు తిరుత్తణిలోనే ఫిర్యాదు చేయవచ్చు. దానిని సంబంధిత స్టేషన్‌కు పంపవలసిన భారం పోలీసులదే. నోటిమాటగా చెప్పినదానిని వ్రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి తపాలాలో వ్రాయవచ్చు. అటుపైన మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. 179వ సెక్షన్ ప్రకారం, సాక్ష్యం కోసం స్త్రీలను, పదిహేనేళ్ళ లోపు బాలురను, అరవై దాటిన పురుషులను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టరాదు. వారి నివాసానికే వెళ్ళి విచారించాలి.

చట్టం ఇంతవరకూ వచ్చింది. చదివి వినిపించినది ఫిర్యాదుదారుకు అర్థమైందా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. అర్థంకాని వ్రాతకు పెట్టిన సంతకం రేపు న్యాయస్థానంలో ఆ మనిషికే ఎదురు తిరగవచ్చు. అందుచేత సరిహద్దు స్టేషన్లలో తెలుగు తెలిసిన సిబ్బంది ఒక్కరైనా ఉండాలనీ, బీట్ పోలీసు నెలకొకమారు గ్రామసభ వంటి బహిరంగ వేదికపై ప్రజలను కలవాలనీ పంచాయతీలు తీర్మానించి జిల్లా అధికారులకు పంపడం అవసరం. పల్లెవాసులు కూడా వ్రాతను తమ భాషలో వివరించమని అడిగి, తెలుసుకున్న తరువాతనే సంతకం చేయాలి. అలా అడగడం ధిక్కారం కాదు, హక్కు.