కార్డు గీకితే సముద్రం కనబడుతుందా?

పాయింట్లతో మాల్దీవులు తిరిగొచ్చామని చెప్పుకునే జంట ఇప్పుడు ప్రతి ఆఫీసులోనూ ఒకటైనా ఉంటుంది. ఫొటోల్లో నీలి నీళ్లు, తెల్లటి ఇసుక, నీళ్ల మీద కట్టిన కుటీరం. ‘టికెట్లు ఫ్రీ’ అని ఒక ముక్తాయింపు. వినేవారికి కాస్త అసూయ, కాస్త అనుమానం. రెండూ సబబే. పాయింట్లతో దీవికి చేరడం నిజంగానే సాధ్యం. ఫ్రీ అన్న మాట దగ్గరే పేచీ అంతా.

ముందు లెక్క. నెలకు 50 వేల రూపాయలు కార్డు మీద ఖర్చు చేసే మధ్యతరగతి కుటుంబం ఒకటి ఉందనుకోండి. ప్రతి వందకు రెండు పాయింట్లు ఇచ్చే కార్డయితే ఏడాదికి 12 వేల పాయింట్లు. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ పాయింటు రూపాయి కాదు. కేటలాగులోని మిక్సీకో, సూట్‌కేసుకో మార్చుకుంటే చాలా కార్డుల్లో పాయింటుకు పావలా రావడం కూడా కష్టం. అదే విమానం టికెట్టుకు వాడితే అర్ధరూపాయి దాకా పలకవచ్చు. రూపాయి విలువ ఇచ్చే కార్డులూ ఉన్నాయి గానీ అవి పెద్ద జీతాల వారికి, పెద్ద వార్షిక రుసుముతో వచ్చేవి. అర్ధరూపాయి చొప్పున చూస్తే ఏడాది పొడవునా గీకినందుకు దక్కేది 6 వేల రూపాయలు. కార్డు రుసుము 2,500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 2,950 కట్టాల్సి వస్తే అందులో దాదాపు సగం అక్కడే హరించుకుపోతుంది. ఏడాదికి ఇంత ఖర్చు చేస్తే రుసుము మాఫీ అనే షరతు చాలా కార్డులకు ఉంటుంది. ఆ గీత దాటామో లేదో మాఫీ గడువు ముగిసే నెలకు ముందే చూసుకోవడం మేలు. ఆ గీత దాటడానికే అక్కర్లేని ఫోను కొనేవారూ ఉన్నారు, వారి సంగతి వేరు.

ఈ 6 వేలు కూడా బిల్లు మొత్తం గడువులోగా కట్టేవారికే. ఒక ఏడాదిలో ఏదో అవసరం వచ్చి 50 వేల బాకీ మూడు నెలలు నిలిచిపోయిందనుకోండి. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 5,250, దాని మీద జీఎస్టీ 945, వెరసి 6,195 రూపాయలు. ఏడాది పాయింట్లన్నీ ఇచ్చినా ఇంకా 195 బాకీయే. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్ననాటి నుంచే వడ్డీ మొదలు. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అప్పు నెలలు, ఏళ్లు సాగి వడ్డీ మీద వడ్డీ పడుతుందని బిల్లులోనే హెచ్చరించాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. పాయింట్ల సంఖ్యను చూసినంత శ్రద్ధగా ఆ వాక్యాన్ని చదివేవారు అరుదు. కార్డు వడ్డీని 30 శాతానికి కట్టడి చేస్తూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ వైపు నుంచి ఆదుకునేవారు లేరు.

మరి పాయింట్ల సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? దుకాణంలో 100 రూపాయలకు కార్డు గీకితే దుకాణదారు చేతికి 100 రాదు. రెండు రూపాయలు అటూ ఇటూగా బ్యాంకులు, కార్డు నెట్‌వర్కు పంచుకుంటాయి. అందులో ఒక పాయ పాయింట్లుగా తిరిగి వస్తుంది. రెండో పాయ, మరింత పెద్దది, సకాలంలో కట్టలేని వారి వడ్డీ. మాల్దీవుల కుటీరం అద్దెలో కొంత వరంగల్ బట్టల కొట్టు యజమానిది, కొంత కనీస మొత్తం కడుతూ నెట్టుకొస్తున్న గుమాస్తాది అనడం అతిశయోక్తి కాదు. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద 2020 జనవరి నుంచి దుకాణదారుకు ఆ కోత లేదు. అందుకే అక్కడ పాయింట్ల ఊసు పెద్దగా ఉండదు. ‘కార్డయితే రెండు శాతం అదనం’ అనే కొట్టులో కార్డు తీయడం శుద్ధ దండగ. ఒక శాతం విలువైన పాయింట్ల కోసం రెండు శాతం చేతి నుంచి పోయినట్టే. తెలుగువారికి ఈ కార్డు వ్యవహారం కొత్తదేమీ కాదు. ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చిన తొలి బ్యాంకుల్లో ఒకటి. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైపోయింది. ఆ రోజుల్లో కార్డు అంటే జేబులో ఉన్న హోదా. దీవి ఆశ తర్వాత వచ్చింది.

ఇన్ని షరతుల మధ్య కూడా తెలివిగా వాడితే ప్రయాణం గిట్టుబాటే. మొదటిసారి ప్రయత్నించేవారికి అండమాన్ అనువైనది. పాస్‌పోర్టు అక్కర్లేదు, డాలర్లు అక్కర్లేదు, బ్యాంకు సొంత పోర్టల్‌లోనే పాయింట్లు పెట్టి దేశీయ టికెట్టు కొనుక్కోవచ్చు. 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట వినబడటం వింతేమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. పై లెక్కలోని కుటుంబం రెండేళ్లు కూడబెడితే 24 వేల పాయింట్లు, అంటే 12 వేల రూపాయలు. టికెట్లలో గణనీయమైన భాగం దానితో తీరిపోతుంది. పోర్టల్‌లో చూపే ధరను విమాన సంస్థ సొంత ధరతో పోల్చుకోవాలి. అక్కడ వెయ్యి ఎక్కువుంటే పాయింటు విలువ ఆ మేరకు పడిపోయినట్టే. టికెట్టు రద్దు చేస్తే పాయింట్లు వెనక్కి వస్తాయా, డబ్బు వస్తుందా, రెండూ రావా అన్నదీ ముందే చదువుకోవాలి.

పాయింట్ల పని విమానాశ్రయంతో సరి. అక్కడి నుంచి 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌కు పడవ ఎక్కాలి. రాధానగర్ బీచి ఉన్నది అక్కడే, 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమమైనదిగా ఎంచింది దాన్నే. ఆ పడవ టికెట్టు డబ్బిచ్చి కొనాల్సిందే. చవక టికెట్లు, ఖాళీ సీట్లు ఎక్కువగా కనబడేది జూన్, జూలైల్లో. నైరుతి రుతుపవనాలు దేశంలో అందరికన్నా ముందు పలకరించేది అండమాన్‌నే, మే మూడో వారం అటూ ఇటూగా. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు రద్దవుతాయి. పాయింట్లు ఆదా చేసి పోర్ట్ బ్లెయిర్ హోటల్ కిటికీలోంచి వాన చూసినవారు తక్కువేమీ లేరు.

దేశం దాటాలంటే పద్ధతి మారుతుంది. అసలు లాభం ఉన్నదీ, చేతులు కాలేదీ అక్కడే. కొన్ని కార్డులు పాయింట్లను విమాన సంస్థల మైళ్లుగా మార్చుకోనిస్తాయి. మైళ్లు ఒక సంస్థవైనా ఆ కూటమిలోని మరో సంస్థ విమానం ఎక్కవచ్చు. శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ 2014లో వన్‌వరల్డ్ కూటమిలో చేరింది, అదే ఏడాది ఎయిర్ ఇండియా స్టార్ అలయన్స్‌లో చేరింది. కొలంబో మీదుగా మాలే చేరడానికి మరో వన్‌వరల్డ్ సంస్థ మైళ్లు పనికొచ్చే అవకాశం అలా వస్తుంది. అయితే ఒకసారి మైళ్లుగా మారినవి మళ్లీ బ్యాంకు పాయింట్లు కావు. బదిలీకి కొన్నిసార్లు నిమిషాలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది. ఈలోగా ఆ సీటు ఇంకెవరికో పోతుంది. సంస్థ మైళ్లకు కేటాయించే సీట్లే కొద్ది, సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో మరీ కొద్ది. సీటు కనబడ్డాకే బదిలీ చేయాలి, కనబడుతుందిలే అన్న నమ్మకంతో కాదు. పన్నులు, కొన్ని సంస్థలైతే ఇంధన సర్‌చార్జీ కూడా, నగదుగానే వసూలు చేస్తాయి.

మాల్దీవుల విషయంలో ఖర్చంతా విమానం దిగాకే. ఒక దీవిలో ఒకటే రిసార్టు అన్నది అక్కడి పద్ధతి. భోజనం, మంచినీళ్లు, తిరుగు పడవ, అన్నీ ఆ ఒక్కరి దగ్గరే. దూరపు దీవులకు సీప్లేన్ ఎక్కాలి. దాని రానుపోను చార్జీ మనిషికి వందల డాలర్లు, ఒక్కోసారి పాయింట్లు మిగిల్చిన విమాన చార్జీ కన్నా ఎక్కువ. సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి. మైళ్లతో దొరికిన టికెట్టు సాయంత్రం మాలేలో దించితే ఆ రాత్రి అక్కడే బస, దానికో బిల్లు. హోటల్ పాయింట్లు ఉన్నవారికి కొంత ఊరట ఉంది. మారియట్ బాన్వాయ్‌లో పాయింట్లతో వరుసగా అయిదు రాత్రులు తీసుకుంటే వాటిలో తక్కువ పాయింట్ల రాత్రిని లెక్కలోంచి తీసేస్తారు. కానీ రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్ల హరిత పన్ను 2025 జనవరి నుంచి ఉంది. ఇద్దరికి నాలుగు రోజులకు 96 డాలర్లు. పర్యాటక వస్తు సేవల పన్ను 2025 జూలైలో 16 నుంచి 17 శాతానికి పెరిగింది. దేశం విడిచేటప్పుడు కట్టించే పన్ను 2024 డిసెంబర్‌లో పెంచారు. బిజినెస్ తరగతికి అది ఎకానమీకి రెట్టింపు కన్నా ఎక్కువ. ‘ఫ్రీ’ బిజినెస్ క్లాసు టికెట్టు చేతిలో ఉన్నవారికి ఇదొక చిన్న షాకు. భారతీయులకు వీసా మాత్రం దిగాక ఉచితంగానే ఇస్తారు. మాఫుషి లాంటి జనం నివసించే దీవుల్లో గెస్ట్‌హౌసులు, పడవలు చాలా చవక. పాయింట్లు విమానానికి, డబ్బు గెస్ట్‌హౌసుకు అన్న పంపకం మధ్యతరగతికి ఎక్కువ నప్పుతుంది. నీళ్ల మీది కుటీరం ఫొటో మాత్రం రాదు.

అక్కడి బిల్లుకు ఏ కార్డు తీస్తున్నారన్నదీ చూసుకోవాలి. చాలా కార్డులు విదేశీ లావాదేవీపై మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి. లక్ష రూపాయల బిల్లుకు 4,130 రూపాయలు. అదే బిల్లుకు పై లెక్కలోని కార్డు ఇచ్చే పాయింట్ల విలువ వెయ్యి. హోటల్ వారు ‘రూపాయల్లో తీసుకోమంటారా’ అని మర్యాదగా అడిగితే అంతే మర్యాదగా వద్దనాలి. ఆ మారకం రేటు సాధారణంగా ఇంకా ఖరీదు.

ఇక దాచుకునేవారి సంగతి. అమ్మాయి పెళ్లయ్యాక, అబ్బాయి పరీక్షలయ్యాక వెళ్దామని ఏళ్ల తరబడి పాయింట్లు పోగేసేవారు ఒక్క విషయం మరిచిపోతారు. బ్యాంకు డిపాజిట్టుకు వడ్డీ పెరుగుతుంది. పాయింటు మాత్రం, మారితే, సాధారణంగా కిందికే మారుతుంది. నిన్నటి దాకా 20 వేల మైళ్లకు దొరికిన సీటు రేపు 30 వేలు కావచ్చు. అద్దె, ఇంధనం, వాలెట్ నింపడం లాంటి ఖర్చులకు పాయింట్లు ఎత్తేసిన, పరిమితి పెట్టిన కార్డులు ఈ కొన్నేళ్లలో ఎన్నో. ఈమెయిలులో ఒక నోటీసు, అంతే. కొన్నిసార్లు సంస్థే మాయమవుతుంది. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ విమానాలు నిలిచిపోయాక దాని మైళ్లతో ఎక్కడానికి విమానం లేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. దాని మైళ్ల పథకం వేరే కంపెనీగా ఉండబట్టి పేరు మార్చుకుని బతికింది గానీ, ఎక్కాలనుకున్న విమానమే లేకపోయింది. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు ఒకటికి ఒకటిగా బదిలీ అయ్యాయి. ఈ మూడింట్లో అదే మెరుగైన ముగింపు.

బ్యాంకు పాయింట్లకు సాధారణంగా రెండు, మూడేళ్ల గడువు ఉంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్లు. చాలా బ్యాంకుల్లో కార్డు మూసేస్తే మిగిలిన పాయింట్లు దానితోనే పోతాయి. బ్యాంకు మారాలనుకునేవారు ముందు టికెట్టు కొని, లేదా పాయింట్లను మైళ్లలోకి పంపి, ఆ తర్వాతే మూసివేత కోరాలి. కోరాక ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలని కూడా రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది, బాకీ ఏమీ లేకపోతేనే సుమా.