ఎంసీబీ మార్చారు సరే, తీగ మార్చారా?

ఏప్రిల్ దాటిందంటే హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో రాత్రి పదింటికి ఎలక్ట్రీషియన్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. రెండో గదిలో ఏసీ వేస్తే చాలు, ఎంసీబీ పడిపోతోందని ఫిర్యాదు. అతనొచ్చి 16 ఆంపియర్ల ఎంసీబీ పీకి 32 ఆంపియర్లది బిగిస్తాడు. ఇక అది పడదు. ఇంటిల్లిపాదీ చల్లగా నిద్రపోతారు. ఇళ్లలో జరిగే మరమ్మతుల్లో ఇంత ప్రమాదకరమైనవి తక్కువ.

ఎంసీబీ ఉన్నది గోడలోని తీగను కాపాడటానికి. ఏసీని కాపాడటం దాని పని కాదు. తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. మామూలు పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీల సెల్సియస్ వరకే. పైపులో ఉన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మోసేది ఇంచుమించు 20 ఆంపియర్లు. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ తగిలిస్తే, లోపల తొడుగు మాడి పెళుసెక్కుతున్నా ఆ ఎంసీబీకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఒకటిన్నర టన్నుల ఏసీకి ఏడెనిమిది, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు నాలుగుకు పైగా. ఒకే ఏసీ పాయింటు ఉన్న పాత ఫ్లాట్‌లో రెండో ఏసీని కూడా అదే సర్క్యూట్‌కు కలిపి, పక్కనే ఇస్త్రీ మొదలుపెడితే మొత్తం 20 అవుతుంది. ఇక్కడో మెలిక ఉంది. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ 18 దగ్గర గంటసేపు పడకూడదు, 23 దగ్గర గంటలోపు పడితీరాలి. మధ్యలో ఉన్న 20 దగ్గర ఎప్పుడు పడుతుందో గ్యారంటీ లేదు. పడిపోతే విసుక్కుంటాం గానీ, అది తన పని తాను చేసినట్టే.

ఎంసీబీకి కనిపించనివీ ఉన్నాయి. స్విచ్ బోర్డులో వదులైన స్క్రూ దగ్గర పుట్టే వేడి దానికి తెలియదు. గోధుమరంగుకు తిరిగిన సాకెట్టు, ప్లాస్టిక్ కాలిన వాసనే ఆ వేడికి ఆనవాళ్లు. ఇక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ షాక్ మనిషి ప్రాణం తీయకుండా చూసేది. లోడు ఎంతయినా అది పట్టించుకోదు.

2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఎనిమిది మంది పిల్లలు సహా 17 మంది అగ్నిప్రమాదంలో చనిపోయారు. అది అపార్ట్‌మెంట్ కాదు, కింద దుకాణాలు, పైన ఇళ్లు ఉన్న పాత భవనం. ప్రాథమికంగా షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు అన్నారు. ఆ ఘటన సంగతి అలా ఉంచితే, మన దగ్గర ఏ అగ్నిప్రమాదం వార్తయినా ఈ మాట దగ్గరే ఆగిపోతుంది. తొడుగు ఎందుకు పాడైంది, ఆ తీగ మీద ఎన్నేళ్లుగా ఎంత లోడు పడింది అని అడిగేవారు అరుదు.

అడిగినా జవాబు చెప్పేదెవరు? డిస్కం బాధ్యత మీటరు దాకానే. అసోసియేషన్‌కు లిఫ్టు, మోటారు, సెల్లారు దీపాలు చూసుకోవడమే సరిపోతుంది. బిల్డరు తాళాలిచ్చి తప్పుకుంటాడు. ఏ ఎంసీబీ కింద ఏ పాయింట్లున్నాయో చూపే చిత్రం ఇవ్వడు. చివరికి భారమంతా రాత్రి పదింటికి వచ్చే ఆ ఎలక్ట్రీషియన్ మీదే.

అదనపు లోడు క్రమబద్ధీకరించుకోమని డిస్కంలు చెబుతుంటాయి, మంచిదే. కానీ డెవలప్‌మెంట్ ఛార్జీ కట్టి మూడు కిలోవాట్లను అయిదు చేయించుకున్నంత మాత్రాన గోడలో తీగ లావెక్కదు. లోడు పెంపు దరఖాస్తుతో పాటు లైసెన్సున్న కాంట్రాక్టరు వైరింగ్ పరీక్ష పత్రం కూడా అడిగితే తప్ప ఈ తంతుకు అర్థం లేదు. కారు ఛార్జర్లు వస్తున్నాయి కనుక ఇది మరింత అవసరం: 3.3 కిలోవాట్లదయితే రాత్రంతా ఆగకుండా 14 ఆంపియర్లు లాగుతుంది.

ఈలోగా ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. ప్రతి ఏసీకీ, గీజరుకూ డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, దానికి తగిన ఎంసీబీ. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఆ పనికి పనికిరాదు. గోడ పగలగొట్టలేకపోతే పైనుంచి కేసింగ్ పట్టీలో లాగొచ్చు. పట్టీ కనిపిస్తే హాలు అందం చెడుతుందని చాలామంది ఒప్పుకోరు. ఫాల్స్ సీలింగ్‌కు లక్షలు పోసిన ఇంట్లో ఈ బేరం మరీ వింతగా ఉంటుంది.