డ్రాగన్‌తో బేరమాడితే

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్ని ఆన్‌లైన్‌లో నడిపించే గేమ్ మాస్టర్లలో చాలామంది కథ మొత్తం ముందే రాసేసుకుని కూర్చుంటారు. ఆట చెడేది అక్కడే.

తెలియనివారికి రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించిన ఈ ఆట 1974లో 1000 ప్రతులతో మొదలైంది. నలుగురైదుగురు ఆటగాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. రాక్షసుల నుంచి సత్రం యజమాని దాకా మిగతా లోకమంతా గేమ్ మాస్టర్ గొంతులోంచే పలకాలి. ఎవరేం చేస్తారో నోటితో చెబుతారు. అది నెగ్గుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇప్పుడు బల్ల చుట్టూ చేరే పని కూడా లేదు. 2012లో వచ్చిన రోల్ ట్వంటీ అనే సైట్‌లో పటమూ పాచికలూ, డిస్కార్డ్ యాప్‌లో మాటలూ. ఒకడు మియాపూర్‌లో, ఇంకొకడు డాలస్‌లో ఉన్నా ఆట సాగుతుంది.

ఇక కథ సంగతి. ఊళ్లో గొర్రెల్ని డ్రాగన్ ఎత్తుకుపోతోంది, దాన్ని చంపి రావాలి అని గేమ్ మాస్టర్ పని అప్పగించాడనుకోండి. గుహకు పటం గీశాడు, మలుపు మలుపుకీ ఉచ్చు పన్నాడు. తీరా ఆటగాళ్లు గుహ ముందు నిలబడి డ్రాగన్‌తో బేరం మొదలెడతారు: ఏడాదికి ఇన్ని గొర్రెలు మేమే ఇస్తాం, పక్క రాజు సైన్యం వస్తే నువ్వు ఊరికి కాపలా కాయి. చేతకాని గేమ్ మాస్టర్ ‘డ్రాగన్‌కు మాటలు రావు’ అనేస్తాడు. ఇలా అందరినీ ఒకే దారిన తోలడాన్ని ఆటగాళ్లు రైల్‌రోడింగ్ అంటారు, తిట్టుగానే. చేతనైనవాడు ఒక్క క్షణం ఆగి, ఈ డ్రాగన్‌కు అసలేం కావాలి అని ఆలోచిస్తాడు. వయసైపోయి వేటాడలేకపోతోందా? గుడ్లు వదిలి కదలలేకపోతోందా? బేరం కుదురుతుంది. వచ్చే వారానికి ఆ కబురు పక్క రాజు చెవిన పడుతుంది. గీసిన గుహ వృథా అయిందే అని బాధపడక్కర్లేదు, ఇంకో కొండకి పనికొస్తుంది. ముందే రాసుకోవాల్సింది ఎవరికేం కావాలన్నది మాత్రమే, ఏం జరగాలన్నది కాదు. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు అడ్డు తగిలితేనే సభ రక్తి కడుతుంది. ఇక్కడ ప్రతి ఆటగాడూ ఆ పని మీదే ఉంటాడు.

ఆన్‌లైన్‌లో మరో చిక్కు, మొహాలు కనబడవు. ఎదురుగా ఉంటే ఆవలింత చూసి కథ వేగం పెంచొచ్చు. హెడ్‌ఫోన్‌లో మౌనం మాత్రం ఆసక్తో, నిద్రో, నెట్ పోయిందో తెలియదు. నోరున్నవాడే ఆటంతా ఆడేస్తాడు. అందుకే వర్ణన మూడు వాక్యాలు దాటకూడదు. పాత్ర పేరు పెట్టి పిలిచి ‘నువ్వేం చేస్తున్నావు?’ అని అడగాలి, అదీ మాట్లాడనివాణ్ని ముందు అడగాలి. రాతలో ఆడించే ఆటల్లోనైతే జవాబుకు గడువు పెట్టక తప్పదు. లేకపోతే ఒక్కడు ఊరెళ్తే మిగతావాళ్లు వారమంతా అదే తలుపు ముందు నిలబడి ఉంటారు.

పటాల మోజు ఇంకో జబ్బు. తెర మీద గళ్లు కనబడగానే అందరూ అడుగులు లెక్కపెట్టడంలో పడి మాట్లాడడం మానేస్తారు. యుద్ధానికి పటం పెట్టండి, సంతకి నోరు చాలు. గేమ్ మాస్టర్ పాచికలు చాటుగా వేసే ఆచారం కూడా నాకు గిట్టదు (నా మిత్రుల్లో దీన్ని ఒప్పుకోనివాళ్లే ఎక్కువ). ఒక పాత్రను బతికించడానికి అంకె మార్చారని ఆటగాళ్లు ఒక్కసారి పసిగట్టారా, ఆపైన ఏ ఆపదకూ ఎవరూ జంకరు. అందరికీ కనబడేలా వేయండి. చస్తే చావనివ్వండి.

మొదలుపెట్టాలనుకునేవారికి ఒక మనవి. తెలుగులో ఆడించండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పు మూల నియమాల పత్రం 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతోంది. మూలం పేరు చెబితే చాలు, తెలుగు చేసుకోవడానికి వేరే అనుమతి అక్కర్లేదు.