బండికి తాళము వేయవలసినవారెవరు?

పూర్వము మోటారుబండిని అపహరింపదలచినవాడు బండియొద్దకు రావలసియుండెడిది. నేడా శ్రమ లేదు. బండిలోని కంప్యూటర్లు సెల్‌ఫోను వలెనే బయటి లోకముతో సంబంధము పెట్టుకొనుచున్నవి. ఎక్కడనో కూర్చున్నవాడును దానిని లోబరచుకొనవచ్చును.

ఇది కట్టుకథ కాదు. 2015లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రాంతమున చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను నిపుణులిరువురు ఇంట కూర్చుండి, సుమారు 10 మైళ్ల దూరమున పోవుచున్న జీప్ చెరోకీ బండిని వశపరచుకొనిరి. దానిని నడపుచున్న ఆండీ గ్రీన్‌బర్గ్ అను పత్రికారచయిత ఈ పరీక్షకు ముందే సమ్మతించియుండెను. మొదట రేడియో చెవులు చిల్లులుపడునట్లు మ్రోగెను. వైపర్లు తమంత తామే ఆడినవి. పిమ్మట ఇంజనుశక్తి చక్రములకు అందుట మానెను. వెనుక లారీ తరుముకొని వచ్చుచుండ బండి నడిదారిలో మందగించెను. తరువాత వేరొక ఖాళీస్థలమున బ్రేకులను సైతము పనిచేయకుండ జేసిరి. బండి గుంతలోనికి జారెను.

పాటలు వినిపించు పెట్టె ద్వారమున వారు బ్రేకుల వరకు పోగలిగిరి. ఆ రెంటి నడుమ నున్న చిన్న కంప్యూటరు వినుటకు మాత్రమే నియమింపబడినది. వారు దాని బోధను తిరుగ వ్రాసి పలుకుటయు నేర్పిరి. ఇక లోపలి యంత్రములు వార్తలు పంపుకొను పద్ధతి జర్మనీలోని బాష్ సంస్థ 1986లో వెల్లడించినది. అందు వార్త పంపినదెవరో నిరూపించు ఏర్పాటు లేదు. ఆనాడు బండి పరులతో మాటలాడునని తలచినవారు అరుదు గనుక ఆ పద్ధతిని నిందింపము. గోడ కట్టకయే గుమ్మము తెరచిన వారిని నిందింతుము.

నిర్మాతలకు ఈ సంగతి నెలల ముందే తెలుపబడినది. అయినను పత్రికలో వెలువడిన పిమ్మటనే 14 లక్షల బండ్లను సరిచేయ బూనుకొనిరి. యజమానులకు యు.ఎస్.బి. కడ్డీలు తపాలాలో పోయినవి! వడ్రంగి బలహీనమైన గడియను బిగించి, మంచి గడియను టపాలో పంపి, మీరే బిగించుకొనుడనినట్లున్నది.

జాగ్రత్తపడుడని యజమానికి బోధించుట సులభము. కాని బ్రేకులకు పోవు వార్తలోని మోసమును అతడెట్లు కనిపెట్టును? ఈ భారము నిర్మాతదే యని మా దృఢాభిప్రాయము. 2021 జనవరిలో అమలునకు వచ్చిన ఐక్యరాజ్యసమితి 155వ వాహననియమము, బండి అమ్ముడైన పిదపను అపాయములను కనిపెట్టుచుండుట నిర్మాత విధిగా జేసినది. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుండి క్రొత్తబండ్లన్నిటికి నది వర్తించుచున్నది. మంచిదే. ఎన్ని యేండ్లు కాపాడుదురో అమ్మకపు రసీదుపైననే అచ్చువేయవలెనని మేము కోరుచున్నాము.

మన యిండ్లలో పలువురు కొనునవి పాతబండ్లు. ఐ.బి.ఎం. సంస్థలోని చార్లెస్ హెండర్సన్, తాను అమ్మివేసిన కారు ఏండ్లు గడచినను తన ఫోను మాట వినుచున్నదని 2017లో వెల్లడించెను. కావున పాతబండి కొనునప్పుడు ఇంజను చప్పుడు విని తృప్తిపడక, పూర్వపు యజమాని ఫోనుసంబంధము త్రెంపబడెనా యని అడిగి వ్రాయించుకొనవలెను. ఆ కాగితములు సాధారణముగ ఆంగ్లముననో రాష్ట్రభాషయందో యుండును. పెద్దలకు వానిని తెలుగున విప్పి చెప్పవలసినవారు మన విద్యార్థులే.