కథలో కాలం ఎటు నడుస్తోంది?

‘కథాసంగ్రహం రాయండి’ అనేది తెలుగు ప్రశ్నపత్రాలకు బాగా అలవాటైన ప్రశ్న. విద్యార్థి ముందు జరిగింది ముందు, తర్వాత జరిగింది తర్వాత సర్ది రాస్తాడు. మార్కులూ పడతాయి. ఆ సర్దుడులో రచయిత పనితనం కాస్తా కొట్టుకుపోతుంది. జరిగిన వరుస వేరు, చెప్పిన వరుస వేరు. ఆ తేడాని పసిగట్టడమే కథ చదవడంలో అసలు విద్య.

ఇలా వరుస మార్చి చెప్పడం పడమటి నుంచి దిగుమతైన వ్యవహారం కాదు. 16వ శతాబ్దపు పింగళి సూరన కావ్యం ‘కళాపూర్ణోదయం’ ద్వారకలో కలభాషిణితో మొదలవుతుంది. చిక్కుముడులన్నిటికీ మూలమైన బ్రహ్మ, సరస్వతుల ముచ్చట మాత్రం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. పసిపాప మధురలాలస నోరు విప్పి పూర్వజన్మ సంగతులు చెబుతుంది. కథానాయకుడు కళాపూర్ణుడు పుట్టకముందే బ్రహ్మ అతని కథ చెప్పేసి ఉంటాడు. వెనక్కి చూడటం, ముందే చెప్పడం రెండూ ఒకే కావ్యంలో ఉన్నాయి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన కట్టమంచి రామలింగారెడ్డి 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’లో ఈ కావ్యాన్ని ప్రత్యేకంగా పట్టించుకున్నది ఊరికే కాదు.

మద్రాసులోనే 1947లో పుట్టిన ‘చందమామ’ పిల్లలకూ ఈ విద్య నేర్పింది. బేతాళ కథలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడుస్తుంటాడు. ఆ కాస్త నడకలో బేతాళుడు ఏళ్ల తరబడి సాగిన కథ ముగించేస్తాడు. వరుసే కాదు, నిడివీ మారుతుందన్నమాట.

ఇదే ఊళ్లో 1954లో ఏవీఎం తీసిన తమిళ చిత్రం ‘అంద నాళ్’ ఇంకో అడుగు వేసింది. 1943లో జపాన్ వాళ్లు మద్రాసు మీద బాంబులు వేసిన రోజున ఒక హత్య జరుగుతుంది. అనుమానితులు ఒక్కొక్కరూ తమకు తెలిసిన గతం చెప్పుకొస్తారు. పాటల్లేని ఆ సినిమాకి ఫ్లాష్‌బ్యాకులే ప్రాణం.

నవీన్ ‘అంపశయ్య’ (1969) దారి వేరు. రవి అనే విద్యార్థి జీవితంలో దాదాపు 16 గంటలే నవల మొత్తం. గడియారం మెల్లగా కదులుతుంటే మనసు మాత్రం ఎక్కడెక్కడికో పరుగెడుతుంది.

కథలో కాలం మలుపు తిరిగిన చోటు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పాత్ర వయసు మారిందా? చనిపోయిన మనిషి మళ్లీ మాట్లాడుతున్నాడా? ఒక్క పూటకి పది పేజీలు, పదేళ్లకి ఒక్క వాక్యం పడ్డాయా? అక్కడ ఆగాలి. ‘ఫ్లాష్‌బ్యాక్’ అని పేరు పెట్టి ఊరుకోకుండా, కారణం అడగాలి.

ఆ మద్రాసే అయిన నేటి చెన్నైలో తెలుగు చెప్పే తరగతులైనా సారాంశం అడగడం తగ్గించి, ‘ఈ సంగతి ఇక్కడే ఎందుకు చెప్పాడు?’ అని అడగాలి. వచ్చే పరీక్షలో ఆ ప్రశ్నకి ఐదు మార్కులు కేటాయించినా చాలు.