పొయ్యి లేని పానకం

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ హైటెక్ సిటీ దగ్గరి ఖాజాగూడ గుట్ట ఎక్కాం. 1998లో సైబర్ టవర్స్ వెలిసినప్పటినుంచీ ఆ చుట్టుపట్ల బండలెన్నో కంకరైపోయాయి. 250 కోట్ల ఏళ్ళనాటి ఈ రాళ్ళు ఇంకా మిగలడం మన అదృష్టం.

మావాడు సంచినిండా సీసాలు మోసుకొచ్చాడు. మా అమ్మ వాటివంక చూడనైనా లేదు. పొదమీద పాకిన దూసరతీగ ఆకులు గుప్పెడు కోసి, ఇంటినుంచి తెచ్చిన మంచినీళ్ళతో కడిగి, చెంబెడు నీళ్ళలో బాగా నలిపి, బట్టలో వడగట్టింది. కాసేపటికి ఆ పచ్చటి నీళ్ళు జున్నులా పేరుకున్నాయి! చిలికి, బెల్లం కలిపి తాగితే ప్రాణం చల్లబడింది.

"ఇదీ అదేనా, నానమ్మా?" అంటూ మావాడు మరో తీగ తుంచబోయాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "అనుమానమున్న ఆకు నోట పెట్టకూడదు, నాయనా!"

అమ్మకు ఆకు తెలుసు. తెలుగు పంతుల్ని గనుక నాకు పేరు తెలుసు. మావాడికి రెండూ తెలియవు. తప్పు వాడిది కాదు, నాది. వచ్చే ఆదివారం అమ్మ వెంట శిష్యులం ఇద్దరం. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దలుంటే, ఆలస్యం చెయ్యకండి.